హిమాయత్‌సాగర్‌లో ఖాళీ ఎంత?

హైదరాబాద్ జంట జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ పెద్దది, హిమాయత్‌సాగర్ చిన్నది. మొదటిది, అంటే మనం గండిపేట అని పిలిచేది, నిండితే 3.9 టీఎంసీలు పడుతుంది. రెండోదాంట్లో 2.97 టీఎంసీలు. అయినా వాన గట్టిగా పట్టినప్పుడు గేట్లు ఎత్తారన్న కబురు ముందుగా ఎక్కువసార్లు వచ్చేది హిమాయత్‌సాగర్ నుంచే. ఎందుకంటే గండిపేటకు నీళ్లు తెచ్చే పరీవాహక ప్రాంతం 738 చదరపు కిలోమీటర్లు కాగా, హిమాయత్‌సాగర్‌కు 1,311. అంటే తక్కువ నీళ్లు పట్టేదాని మీదికి ఎక్కువ నేల వాలి ఉంది.

ఈ రెండు జతల అంకెలను కలిపి చూస్తే గేట్ల సంగతి చాలావరకు తేలిపోతుంది. చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే అది 10,000 ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. కాబట్టి హిమాయత్‌సాగర్ పరీవాహకం మొత్తం మీద ఒక సెంటీమీటరు వాన పడి, చుక్క ఇంకకుండా కిందికి వస్తే 0.46 టీఎంసీ అవుతుంది. అదే గండిపేటకైతే 0.26. ఈ లెక్కన పూర్తిగా ఎండిపోయిన హిమాయత్‌సాగర్ నిండడానికి 6.4 సెంటీమీటర్ల నీళ్లు కిందికి పారితే చాలు. గండిపేటకు 15 సెంటీమీటర్లు కావాలి.

పడిన వానంతా చెరువుకు చేరదు, నిజమే. జూన్‌లో నెర్రెలిచ్చిన నేల మీద పడితే పదో వంతు కూడా రాకపోవచ్చు. నాలుగు రోజులు ముసురు పట్టి, నేల తాగగలిగినంతా తాగేసి, ఎగువన కుంటలు మత్తడి దూకుతున్నప్పుడు పడితే సగానికి పైగా రావచ్చు. అందుకే ఒకే 5 సెంటీమీటర్ల వాన జూన్‌లో వార్త కాదు, సెప్టెంబర్ చివర్లో అయితే రాత్రంతా ఇంజనీర్లను నిద్రపోనివ్వదు.

ఇప్పుడు హిమాయత్‌సాగర్ 90 శాతం నిండి ఉందనుకుందాం. పత్రికల్లో అది శుభవార్తగానే వస్తుంది, జలకళ అన్న శీర్షికతో. మిగిలిన ఖాళీ 0.3 టీఎంసీ. పరీవాహకం మీద పరిచి చూస్తే అది 6.4 మిల్లీమీటర్ల నీళ్లు. వానలో 30 శాతం చెరువుకు చేరుతుందనుకుంటే 2 సెంటీమీటర్ల వానకు నిండిపోతుంది. 60 శాతం చేరితే సెంటీమీటరు వాన చాలు. షాబాద్ వైపు ఒక సాయంత్రం కురిసే జల్లు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. 70 శాతమే నిండి ఉంటే? ఖాళీ 0.89 టీఎంసీ, 30 శాతం లెక్కన 6.4 సెంటీమీటర్ల వానకు సరిపడా చోటు. నిండు మట్టం (ఎఫ్‌టీఎల్) 1,763.5 అడుగులు, ప్రస్తుత మట్టం ఇంత అని చదివితే సామాన్యుడికి ఏమీ తెలియదు. ఇంకా ఎన్ని సెంటీమీటర్ల వానకు చోటుందో చెబితే వెంటనే తెలుస్తుంది. రోజువారీ ప్రకటనలో ఈ ఒక్క అంకె చేర్చడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

ఇక గేట్లు. పాత చెరువుకు అలుగు ఉండేది. మట్టం అలుగు అంచు దాటితే నీళ్లు వాటంతట అవే పోతాయి, ఎవరినీ అడగవు. గేటు పెట్టిన చోట ఆ నిర్ణయం మనిషి చేతికి వచ్చింది. దానివల్ల లాభం ఉంది: వరదకు ముందే కొంత నీళ్లు వదలొచ్చు, వరద వచ్చాక కొంత ఆపొచ్చు. అదే చిక్కు కూడా. ఎప్పుడు, ఎంత అన్నది ఎవరో ఒకరు తేల్చాలి, తరచుగా అర్ధరాత్రి, ఎగువ నుంచి అరకొర సమాచారంతో. ఉస్మాన్‌సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కు 17. వాటిని నడిపేది సాగునీటి శాఖ కాదు, నగరానికి మంచినీళ్లిచ్చే జలమండలి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, కాసేపట్లో అవసరమవుతుంది.

హిమాయత్‌సాగర్‌లో ఒక గేటును ఒక అడుగు ఎత్తితే సుమారు 340 క్యూసెక్కులు పోతాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. 340 క్యూసెక్కులంటే సెకనుకు 9,600 లీటర్ల పైమాట. వేసవిలో అపార్ట్‌మెంట్ల ముందు నిలబడే పెద్ద నీళ్ల ట్యాంకరు సెకనుకొకటి చొప్పున ఖాళీ అవుతున్నట్టు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ అలా 24 గంటలు వదిలినా పోయేది 0.029 టీఎంసీ, అంటే జలాశయంలో ఒక్క శాతం. ఒక టీఎంసీ చోటు చేయాలంటే ఆ లెక్కన 34 రోజులు పడుతుంది.

పది వేల క్యూసెక్కులు వదిలితే? టీఎంసీ ఖాళీ కావడానికి దాదాపు 28 గంటలు. ముప్పై వేలు వదిలితే 9 గంటల పైచిలుకు. వాతావరణ శాఖ రేపు అతి భారీ వర్షం అని ఈ రోజు మధ్యాహ్నం చెబితే ఇంజనీరు దగ్గర ఉన్న సమయం 20 గంటలు కావచ్చు. అంతలో పెద్ద చోటు చేయాలంటే వానకు ముందే, ఎండ కాస్తుండగానే, మూసీలోకి పది వేలకు పైగా క్యూసెక్కులు తోలాలి. ఆ ధైర్యం ఎవరు చేస్తారు? వాన పడకపోతే తాగునీళ్లు పారబోశారన్న మాట పడాలి. పడితే మెచ్చుకునేవాళ్లు ఉండరు, ఎందుకంటే రాని వరద ఎవరికీ కనిపించదు.

కాబట్టి గేటు ఎత్తే వేళకు జరిగే నిర్ణయం అసలు నిర్ణయం కాదని నా అభిప్రాయం. ఆగస్టులోనో, సెప్టెంబర్ మొదటి వారంలోనో జలాశయాన్ని ఎంతవరకు నింపుకోవాలని అనుకున్నారో అక్కడే వరద కథ సగం నడిచిపోతుంది. పెద్ద ప్రాజెక్టుల్లో దీనికి నెలవారీ మట్టాల పట్టిక ఉంటుంది: ఫలానా తేదీకి ఇంతకు మించి నింపకూడదు, పైనున్న ఖాళీ వరదకే. చిన్న జలాశయానికి ఆ పట్టిక ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే దానికి దొరికే సమయం రోజుల్లో కాదు, గంటల్లో. 0.3 టీఎంసీ ఖాళీ ఉన్న హిమాయత్‌సాగర్‌లోకి 20 వేల క్యూసెక్కులు వస్తుంటే నిండడానికి 4 గంటల పైన కొద్ది నిమిషాలు. శ్రీశైలంలో ఇంజనీరుకు ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాలలు ఒకదాని తర్వాత ఒకటి కబురు పంపుతాయి. హిమాయత్‌సాగర్ ఇంజనీరుకు ఎగువన ఉన్నవి చెరువులూ కుంటలే.

ఈ జలాశయాలు పుట్టిందే వరదకు చోటు కోసం. 1908 సెప్టెంబర్ 28న మూసీ నగరం మీద పడినప్పుడు సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్పుకుంటారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్కలు ఈనాటికీ చదవదగ్గవి. నగరానికి ఎగువన పరీవాహకం 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, చదరపు మైలుకు ఇంచుమించు ఒకటి. ఆ వరదలో వాటిలో 221 తెగాయి. పైచెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది మరోదాని మీద పడటం, ఇలా వాన తెచ్చిన నీళ్లకు చెరువులు దాచుకున్న నీళ్లూ తోడయ్యాయి. వరద ఉచ్చస్థితిలో మూసీలో పారింది 4.25 లక్షల క్యూసెక్కులని అంచనా.

ఆ అంకెను ఇప్పటి నిల్వలతో పోల్చి చూద్దాం. 4.25 లక్షల క్యూసెక్కులంటే టీఎంసీ నీళ్లు 39 నిమిషాల్లో వచ్చిపడతాయి. రెండు జలాశయాలూ కలిపి 6.87 టీఎంసీలు. రెండూ అడుగంటి ఉన్నా, ఆ జోరు అలాగే నిలబడితే నాలుగున్నర గంటల్లో నిండుతాయి. వరద జోరు అన్ని గంటలు శిఖరం మీద నిలబడదు కాబట్టి ఖాళీ జలాశయం నిజంగానే నగరాన్ని కాపాడగలదు. నిండు జలాశయం చేసేది స్వల్పం, పైనుంచి ఎంత వస్తే అంత కిందికి పంపడమే.

మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవాటి నుంచే నగరం మంచినీళ్లు తాగడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఒకే కట్టకు రెండు పనులు. వరద పనికి జలాశయం ఖాళీగా ఉండాలి, తాగునీటి పనికి నిండుగా. జలమండలి తాగునీటి సంస్థ కాబట్టి అది నిండుదనం వైపు మొగ్గడం సహజం. అది తప్పని అనలేం. 2016 వేసవి నాటికి రెండు జలాశయాలూ అడుగంటాయి. ఆ అనుభవం ఉన్న అధికారికి సెప్టెంబర్‌లో నీళ్లు వదలమని చెప్పడం తేలిక కాదు. సెప్టెంబర్ నీళ్లే మే నెల నీళ్లు.

అయితే నగరం అవసరం ఇప్పుడు వేరు. కృష్ణా నుంచి మూడు దశల్లో, ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు చొప్పున 270 మిలియన్ గ్యాలన్లు తెచ్చుకునే ఏర్పాటు ఉంది. 2015 నుంచి గోదావరి కూడా వస్తోంది. మంజీర, సింగూరు పాతవే. నగరం తాగే నీళ్లలో జంట జలాశయాల వాటా ఇప్పుడు కొద్దిపాటిదే. అలాంటప్పుడు రెండు పనుల్లో ఏది ముందు అన్న ప్రశ్న మళ్లీ వేయాల్సింది. జరిగింది మరో తీరు. 2025 సెప్టెంబర్ 8న గోదావరి రెండో దశకు శంకుస్థాపన చేశారు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తేవాలన్నది ప్రణాళిక, అందులో రెండున్నర టీఎంసీలు ఈ రెండు జలాశయాలకు, మూసీలో మంచినీళ్లు పారించడానికి. ఎండాకాలం మూసీ పారితే మంచిదే. కానీ వాన నీళ్లు పట్టాల్సిన చోట తెచ్చిపోసిన నీళ్లు వానాకాలంలో ఎంతవరకు ఉండొచ్చో ముందే రాసిపెట్టుకోకపోతే, మనమే డబ్బు పెట్టి ఖాళీని పూడ్చుకున్నట్టు.

శంకుస్థాపన జరిగి మూడు వారాలు తిరగకుండానే, సెప్టెంబర్ 26 రాత్రి, జంట జలాశయాల నుంచి వదిలిన నీళ్లు 30 వేల క్యూసెక్కులు దాటాయి. ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చేసింది. ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది. చాదర్‌ఘాట్ చిన్న వంతెన మునిగింది. 1908 నాటి వరదతో పోలిస్తే ఇది ఎంత? నూటికి ఏడెనిమిది వంతులు. నగరంలో కురిసిన వాన నాలాల గుండా అదే నదిలో కలిసింది కాబట్టి చాదర్‌ఘాట్ దగ్గర పారింది ఇంతకంటే ఎక్కువే. అయినా పదో వంతుకు అటూఇటూగా ఉన్న వరదకే బస్‌స్టేషన్ మునిగిందంటే, గేట్ల దగ్గర జరిగే చర్చ సగమే. మిగతా సగం నది గర్భంలో ఉంది. ఆ బస్‌స్టేషన్ కట్టింది మూసీ రెండు పాయల మధ్య ఉన్న లంక మీద. నదిలో కట్టిన కట్టడంలోకి నది రావడాన్ని వరద అంటున్నాం.

గేట్లు నడిపేవాడి లెక్కలో ఇది మూడో అంకె. మొదటిది లోపల ఖాళీ ఎంత, రెండోది పైనుంచి ఎంత జోరుగా వస్తోంది, మూడోది దిగువన నది ఎంత మోయగలదు. మొదటి రెండూ రోజూ మారతాయి. మూడోది ఏళ్ల తరబడి ఒకే దిక్కుకు జారుతోంది. ఒక్కో పిల్లర్, ఒక్కో గోడ, ఒక్కో లారీ మట్టి ఆ అంకెను కాస్త తగ్గిస్తాయి. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో గురించి మనం ఏళ్లకేళ్లు కొట్లాడుకున్నాం. ఆ జీవో ఉద్దేశం నీళ్లు కలుషితం కాకూడదని. వరద కోణం దానికి తోడు: సిమెంటు పరిచిన నేల వానను తాగదు, 30 శాతం అనుకున్న ప్రవాహం 60 శాతం అవుతుంది. పైన చేసిన లెక్కలో 2 సెంటీమీటర్ల వాన ఒక సెంటీమీటరు కావడం అంటే ఇదే.

ఎంత ఖాళీ ఉంచినా, ఎంత ముందుగా తెలిసినా, గేటు లేవకపోతే ఏమీ లేదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్లు కొట్టుకుపోయాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. ప్రాజెక్టు స్పిల్‌వే 2.17 లక్షల క్యూసెక్కులు వదలడానికి కట్టింది, వచ్చింది 3.2 లక్షలు. ఐదూ లేచినా లక్ష క్యూసెక్కులు మిగిలేవే. నాలుగే లేస్తే, గేట్లన్నీ సమానమనుకుంటే, వదలగలిగింది 1.74 లక్షలు, మిగులు 1.46 లక్షలు. కాబట్టి గేటు ఒక్కటే కారణం అనడం లెక్కకు నిలవదు. గేటు పాడవడం చిన్న విషయం అనడమూ నిలవదు. ఒక్క గేటు విలువ 43 వేల క్యూసెక్కులు. కట్ట ఎన్ని గంటలు ఆగుతుందో, ఊరు ఖాళీ చేయడానికి ఎంత వ్యవధి దొరుకుతుందో ఆ 43 వేలు తేలుస్తాయి.

పాత గేట్లకు వచ్చే జబ్బులు అందరికీ తెలిసినవే. గొలుసు, రోప్ తుప్పు పడతాయి. గ్రీజు ఎండి గట్టిపడుతుంది. రబ్బరు సీళ్లు చిరిగి నీళ్లు కారతాయి. మోటారు బాగున్నా కరెంటు ఉండదు, జనరేటర్‌లో డీజిల్ ఉండదు. చేత్తో తిప్పి ఎత్తడానికి లస్కర్లు చాలరు, ఖాళీలు నింపక ఏళ్లయి ఉంటుంది. మే నెలలో ప్రతి గేటునూ ఒకసారి పూర్తిగా ఎత్తి దించి చూడటం దీనికి మందు. ఖర్చు స్వల్పం, పేరు రాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, 105 టీఎంసీల నిండు జలాశయానికి ఉన్న 33 గేట్లలో ఒక్కటి పోయినందుకే మూడు రాష్ట్రాలు వణికాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి వారంలో ఆపగలిగారు. అంతటి నైపుణ్యం ప్రతి చోటా, ప్రతిసారీ దొరకదు. చిన్న జలాశయానికి వారం వ్యవధి అసలే ఉండదు.

గేటు లేచాక కిందివాళ్ల సంగతి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ డ్యామ్ నుంచి ఉన్నట్టుండి వదిలిన నీళ్లకు బియాస్ నదిలో బండల మీద నిలబడ్డ 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అది వరద రోజు కాదు. పెద్ద వరద కంటే పొడి నదిలోకి హఠాత్తుగా వచ్చే కొద్దిపాటి నీళ్లు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు నదిలో మనుషులు ఉంటారు. అందుకే మొదట ఒక గేటు, ఒక అడుగు. సైరన్ మోగించి, పోలీసులకు చెప్పి, నార్సింగి–మంచిరేవుల దారి, హిమాయత్‌సాగర్ దగ్గర ఔటర్ సర్వీసు రోడ్డు మూశాక మెల్లగా పెంచాలి. నీళ్లు సెకనుకు 2 మీటర్ల జోరున నడుస్తాయనుకుంటే గంటకు 7 కిలోమీటర్లు. వంపులతో కలిపి దూరం 20 కిలోమీటర్లు అనుకుంటే చాదర్‌ఘాట్‌కు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో మూసానగర్, శంకర్‌నగర్ గుడిసెలవాళ్లు పిల్లలను, బియ్యం, కాగితాలు తీసుకుని కదలాలి. రాత్రి రెండింటికి గేట్లు ఎత్తితే ఐదింటికి నీళ్లు. మధ్యాహ్నమే పెంచబోతున్నామని చెప్పగలిగితే అదే పని పగటి వెలుతురు ఉండగానే అవుతుంది. మామూలుగా చెప్పేది మాత్రం దిగువ ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని. ఏ బస్తీ, ఎన్ని గంటలకు, ఎంత ఎత్తున అన్నది అందులో ఉండదు.

2021 డిసెంబర్ 30న అమల్లోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ప్రతి ఆనకట్టకూ వర్తిస్తుంది, జంట జలాశయాలతో సహా. వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయాలంటుంది. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాలంటుంది. అప్పటికే ఉన్న ఆనకట్టలకు అందుకు ఇచ్చిన గడువు ఐదేళ్లు. ఆ ప్రణాళిక కార్యాలయం బీరువాలో ఉంటే చట్టానికి సరిపోతుందేమో. చాదర్‌ఘాట్‌లో ఇల్లున్నవాళ్లకు అందులోంచి కావాల్సింది ఒక్క పటం: పది వేల క్యూసెక్కులకు ఏ గల్లీ, ఇరవై వేలకు ఏ గల్లీ, ముప్పై వేలకు ఎంతవరకు అని మూడు రంగుల్లో గీసి, బస్తీ దవాఖానా గోడకు, రేషన్ దుకాణం తలుపుకు అంటించినది.